కదిలే ఊపిరికి కదిలే బొమ్మ

పక్కటెముకలు అతుక్కుపోయి, వెన్ను వంగిపోయి, ఛాతీ విచ్చుకోని పిల్లలున్నారు. వాళ్ల ఎముకలకు ఏళ్ల తరబడి ఫొటోలు తీస్తూనే ఉన్నాం. ఊపిరి ఏ పక్కకు వెళ్తోందో, ఏ పక్క ఆగిపోతోందో చూపించే స్కాన్ మాత్రం ఇప్పుడిప్పుడే చేతికొస్తోంది.

బిడ్డ వీపు తనవైపు ఉండేలా కూర్చోబెట్టుకుంటారు డాక్టరు. రెండు అరచేతులూ ఛాతీ కింది భాగానికి చెరోపక్క ఆనించి, బొటనవేళ్లు రెండూ వెన్నెముకకు సమాన దూరంలో నిలువుగా ఉండేలా పెడతారు. ఇక చేయాల్సిందేమీ లేదు, బిడ్డ ఊపిరి తీసేదాకా ఆగడమే. మామూలు ఛాతీ అయితే పక్కటెముకలు విచ్చుకుంటాయి. వాటితోపాటే బొటనవేళ్లూ వెన్నుకు దూరంగా జరుగుతాయి. సెంటీమీటరుకు మించి జరిగితే ఆ పక్కకు ప్లస్ మూడు. అర సెంటీమీటరుకు పైన, సెంటీమీటరు లోపు అయితే ప్లస్ రెండు. అర సెంటీమీటరు కూడా దాటకపోతే ప్లస్ ఒకటి. అసలు కదలకపోతే సున్నా. ఒక్కోసారి కుడి బొటనవేలు చక్కగా జరుగుతుంది, ఎడమది పెట్టినచోటే ఉండిపోతుంది. ఆ బిడ్డకు పక్కటెముకల సాయం ఒకపక్కే అందుతోందన్నమాట.

ఈ పరీక్షకు యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. దీన్ని పద్ధతిగా వాడుకలోకి తెచ్చినవారు డాక్టర్ రాబర్ట్ క్యాంప్‌బెల్. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, శాన్ ఆంటోనియోలో పిల్లల ఎముకల సర్జన్. ఎముకల డాక్టరు ఊపిరి గురించి ఇంతగా పట్టించుకోవడం ఆ రోజుల్లో కొత్త. వెన్ను వంకరగా ఉందంటే ఎక్స్‌రే తీయాలి, వంపు ఎన్ని డిగ్రీలో కొలవాలి, ఆపరేషన్ చేసి దాన్ని తగ్గించాలి. న్యూయార్క్ సర్జన్ జాన్ కాబ్ 1948లో చెప్పిన ఆ కొలతనే ఇప్పటికీ ‘కాబ్ కోణం’ అంటారు. వెన్ను వంకరకు ప్రపంచమంతా వాడే కొలబద్ద అదే. క్యాంప్‌బెల్ ఆ డిగ్రీల దగ్గర ఆగలేదు. వంపు ఎంతన్నది సరే, ఆ వంపు పక్కన ఇరుక్కుపోయిన ఊపిరితిత్తి సంగతేమిటన్నది ఆయన ప్రశ్న.

2003లో ఆయనా, సహచరులూ ఒక స్థితిని పేరు పెట్టి నిర్వచించారు: థొరాసిక్ ఇన్‌సఫిషియన్సీ సిండ్రోమ్. మామూలుగా ఊపిరి తీయడానికి గానీ, ఊపిరితిత్తులు ఎదగడానికి గానీ ఛాతీ ఆసరా ఇవ్వలేకపోవడం. ఈ నిర్వచనంలో రెండో సగమే పిల్లలకు అసలు ప్రమాదం. ఈ రోజు ఊపిరి ఆడుతున్నా సరే, ఛాతీ పెరగకపోతే దాంతోపాటు పెరగాల్సిన ఊపిరితిత్తికి చోటుండదు. నాలుగేళ్లప్పుడు బాగానే ఉన్న పిల్లాడు పన్నెండేళ్లకు ఆక్సిజన్ సిలిండర్ పక్కన పడుకోవాల్సి రావచ్చు.

ఇందులో ఒక్క జబ్బు కాదు, చాలా ఉన్నాయి. పుట్టుకతోనే నాలుగైదు పక్కటెముకలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి కొందరిలో. కొందరికి ఒకవైపు కొన్ని పక్కటెముకలే ఉండవు. వెన్నుపూసలు సగం సగమే తయారై వెన్ను పొట్టిగా, మెలితిరిగి ఉండేవాళ్లు ఇంకొందరు. 1950ల్లో ఫ్రెంచి పిల్లల డాక్టర్ మాథిస్ జూన్ వర్ణించిన జబ్బు ఒకటుంది. అందులో పక్కటెముకలు పొట్టిగా ఉండి, ఛాతీ బాగా ఇరుకైపోతుంది, పుట్టిన కొద్దికాలానికే ఊపిరాడక ప్రాణం పోయే ప్రమాదమూ ఉంది. ఎముకలన్నీ సరిగానే ఉండి, కండరాల్లో బలం లేక ఛాతీ ఆకారం మారిపోయేవాళ్లూ ఉన్నారు. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ, అంటే ఎస్‌ఎంఏ ఉన్న పిల్లలు ఈ కోవలోకే వస్తారు. విడివిడిగా చూస్తే అన్నీ అరుదైన జబ్బులే. అన్నింట్లోనూ చివరికి తేలేది ఒక్కటే: గాలి లోపలికి రావడానికి చోటు చేసే యంత్రాంగం సరిగా కదలడం లేదు.

రెండు పిడులు, ఒక గుమ్మటం

ఊపిరితిత్తికి తనను తాను ఉబ్బించుకునే కండరం లేదు. చుట్టూ ఉన్న గోడ జరగాలి, కింద ఉన్న నేల దిగాలి. అప్పుడు లోపల చోటు పెరిగి, పీడనం తగ్గి, గాలి తనంతట తానే వచ్చి నిండుతుంది. గోడ అంటే పక్కటెముకలు, వాటి మధ్య కండరాలు. నేల అంటే ఛాతీని పొట్టనుంచి వేరుచేసే గుమ్మటం ఆకారపు పల్చటి కండరం, డయాఫ్రం.

పై పక్కటెముకలు వీధి బోరింగు పిడి లేచినట్టు ముందుకు, పైకి లేస్తాయి. కింది పక్కటెముకలు బకెట్ పిడి లేచినట్టు పక్కలకు లేస్తాయి. ఇది నేను కల్పించిన పోలిక కాదు, వైద్య విద్యార్థులందరూ మొదటి సంవత్సరంలో చదువుకునేదే. పసిపిల్లల్లో పక్కటెముకలు దాదాపు అడ్డంగా ఉంటాయి. పిడి అప్పటికే లేచి ఉంటే ఇంకా ఎక్కడికి లేస్తుంది? అందుకే పసివాళ్లు పొట్టతో ఊపిరి తీస్తారు, దాదాపు మొత్తం పని డయాఫ్రానిదే. లేచి నిలబడి, నడక నేర్చిన తర్వాత క్రమంగా పక్కటెముకలు కిందికి వాలతాయి. అప్పుడు గోడ కూడా పనిలోకి దిగుతుంది.

అతుక్కుపోయిన పక్కటెముకలున్న బిడ్డలో ఆ గోడ ఒకపక్క రాయి. డయాఫ్రం మీదే భారం పడుతుంది. వెన్ను మరీ కుదించుకుపోయి పొట్టలోని అవయవాలు పైకి తోసుకొస్తే ఆ గుమ్మటం కిందికి దిగడానికీ ఇబ్బందే. ఎస్‌ఎంఏలో కథ వేరు. పక్కటెముకల మధ్య కండరాలు నీరసించిపోతాయి, డయాఫ్రం మాత్రం చాలాకాలం పనిచేస్తూ ఉంటుంది. అది కిందికి లాగినప్పుడల్లా పొట్ట లేస్తుంది, మెత్తటి ఛాతీ లోపలికి పోతుంది. నెలల తరబడి అలా లాగీ లాగీ ఛాతీ పైభాగం సన్నబడి, కిందిభాగం వెడల్పయి గంట ఆకారానికి వస్తుంది.

నిద్రలో ఇంకో గండం ఉంది. కలలొచ్చే దశలో పక్కటెముకల మధ్య కండరాలు దాదాపు పని ఆపేస్తాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అది తెలియను కూడా తెలియదు, డయాఫ్రం నెట్టుకొస్తుంది. డయాఫ్రం సరిగా దిగలేని బిడ్డకు మాత్రం సమస్య మొట్టమొదట బయటపడేది ఆ వేళలోనే. పొద్దున లేవగానే తలనొప్పి, పగలంతా మగత, ఎంత పెట్టినా పెరగని బరువు. తిన్నదాంట్లో ఎంతో ఊపిరి తీసే శ్రమకే ఖర్చయిపోతుంటే ఒళ్లు ఎక్కడ పడుతుంది?

మన ఇళ్లల్లో ‘పిల్లాడు డొక్కలెగరేస్తున్నాడు’ అనగానే ఆసుపత్రికి పరిగెత్తుతారు. న్యుమోనియాలో అది కొద్దిరోజుల సంగతి. ఈ పిల్లల్లో ప్రతి ఊపిరికీ, ప్రతిరోజూ అంతే. కాబట్టి ఇంట్లోవాళ్ల కళ్లకు అలవాటైపోతుంది. అడిగితే ‘వాడు మొదట్నుంచీ అంతేనండీ’ అంటారు. ఆ మాట వినగానే ఆగి, చొక్కా తీయించి చూడాల్సింది మాత్రం డాక్టరే.

నిటారు వెన్ను, చాలని ఊపిరి

ఫ్రాన్స్‌లోని మాంపెల్యేకు చెందిన అలెన్ డిమెగ్లియో అనే ఎముకల సర్జన్ పిల్లల వెన్ను ఎదుగుదలను జీవితమంతా కొలిచారు. ఆయన లెక్కల ప్రకారం ఛాతీ భాగంలోని వెన్నెముక పొడవు పుట్టినప్పుడు 11 సెంటీమీటర్లు. అయిదేళ్లకు 18, పదేళ్లకు 22. పెద్దయ్యాక ఆడపిల్లల్లో 26, మగపిల్లల్లో 28. ఛాతీ లోపలి చోటు పుట్టినప్పుడు పెద్దవాళ్లలో ఉండేదాంట్లో 6 శాతం దాకా, అయిదేళ్లకు 30 శాతం, పదేళ్లకు 50 శాతం. ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తుల సంఖ్య ఎక్కువగా పెరిగేదీ బాల్యం తొలి ఏళ్లలోనే.

ఈ అంకెలు పక్కన పెట్టుకుని చూస్తే పాత పద్ధతిలోని ఆపద అర్థమవుతుంది. చిన్న వయసులో వెన్ను వంకర పెరుగుతుంటే, పూసల్ని కలిపి అతికించేసేవారు. వంపు ఆగిపోయేది. ఎక్స్‌రే బాగుండేది. కానీ అతికించిన చోట వెన్ను ఇక పెరగదు, దాంతోపాటే ఛాతీ. డాలస్ సర్జన్ల బృందం ఒకటి ఇలా చిన్నప్పుడే ఆపరేషన్ అయిన పిల్లల్ని ఏళ్ల తర్వాత పిలిపించి పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించింది. ఛాతీ వెన్ను 18 సెంటీమీటర్లు దాటనివాళ్లలో సగానికి పైగా పిల్లల ఊపిరి సామర్థ్యం, ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. వెన్ను నిటారుగా నిలబడింది, మెట్లెక్కితే ఊపిరి అందడం లేదు.

క్యాంప్‌బెల్, ఆయన సహచరుడైన పిల్లల సర్జన్ మెల్విన్ స్మిత్ 1980ల చివర్లో వేరే దారి వెతికారు. అతుక్కున్న పక్కటెముకల్ని మధ్యలో విడదీసి, ఇరుకైన పక్కను తెరిచి, అది మళ్లీ మూసుకోకుండా టైటానియం పక్కటెముక ఒకటి నిలువుగా అమర్చారు. దాన్ని పైన పక్కటెముకకూ, కింద పక్కటెముకకో వెన్నుకో నడుం ఎముకకో బిగిస్తారు. నాలుగు నుంచి ఆరు నెలలకోసారి చిన్న ఆపరేషన్ చేసి దాన్ని కాస్త సాగదీస్తారు. బిడ్డ పెరిగే కొద్దీ ఛాతీ పెరగడానికి చోటు చేయడం దీని పని. క్లుప్తంగా వెప్టర్ అంటారు. 1989లో మొదటిసారి అమర్చిన ఈ పరికరానికి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 2004లో. క్యాంప్‌బెల్ 2008లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రికి మారి, ఈ జబ్బులకే ప్రత్యేకంగా ఒక కేంద్రం నడిపారు. 2018లో కన్నుమూశారు.

చాలామంది పిల్లలు బతికారు. అయితే చిక్కు ఇక్కడే వచ్చింది. ఆపరేషన్ తర్వాత ఎక్స్‌రేలో ఛాతీ పెద్దదిగా కనిపిస్తుంది. సీటీలో ఊపిరితిత్తి పరిమాణం పెరిగినట్టు తెలుస్తుంది. ఊదే పరీక్ష చేస్తే మాత్రం చాలామందిలో వయసుకు తగ్గ మెరుగు కనిపించడం లేదు. చోటు పెరిగినా ఊపిరి ఎందుకు పెరగలేదు? పెట్టిన లోహమూ, చుట్టూ గట్టిపడిన మచ్చ కణజాలమూ గోడను బిర్రుగా చేశాయా? డయాఫ్రం కోణం మారిందా? ఒక పక్క మెరుగై రెండో పక్క తగ్గి, కూడికలో మార్పు లేనట్టు కనిపిస్తోందా? సాగదీసిన ప్రతిసారీ బిడ్డకు మత్తు, కోత, నొప్పి. అంత చేసి, దానివల్ల ఏ మేలు జరిగిందో ఖాయంగా చెప్పలేకపోవడం చిన్న విషయం కాదు.

పాత కోరికే

ఊపిరి కదలికను చూడాలన్న కోరిక ఎక్స్‌రేతోనే పుట్టింది. రాంట్‌జన్ 1895లో ఎక్స్‌రేలు కనిపెట్టిన ఏడాది రెండేళ్లకే బోస్టన్‌లో ఫ్రాన్సిస్ విలియమ్స్ అనే వైద్యుడు, మెరిసే తెర ముందు రోగిని నిలబెట్టి డయాఫ్రం పైకీ కిందికీ కదలడం చూశారు. క్షయ సోకిన పక్క అది తక్కువ దిగుతోందని రాసిపెట్టారు. అంటే ఛాతీకి ఫొటోతోపాటే సినిమా కూడా మొదలైంది. తర్వాత రేడియేషన్ సంగతి తెలిసొచ్చి, మామూలు పరీక్షల్లో నిశ్చల చిత్రమే మిగిలింది.

ఆ భయం ఉత్తది కాదు. 1912 నుంచి 1965 వరకు అమెరికాలో వెన్ను వంకరకు చికిత్స పొందిన 5,573 మంది ఆడవాళ్ల వివరాలు పరిశోధకులు సేకరించారు. ఒక్కొక్కరికి సగటున పాతిక దాకా ఎక్స్‌రేలు తీశారు. రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు, మామూలుగా ఉండాల్సిన సంఖ్యకంటే దాదాపు 70 శాతం ఎక్కువ. అప్పటి యంత్రాల మోతాదు ఎక్కువన్నది నిజమే, ఇప్పటివి చాలా మెరుగు. అయినా ఏటా పరీక్షలు అవసరమయ్యే చిన్నపిల్లల విషయంలో ప్రతి సీటీకీ ముందు ఆలోచించాల్సిందే.

ఊదే పరీక్షకు బిడ్డ సహకరించాలి. గట్టిగా పీల్చి, బలంగా, ఆగకుండా ఊదాలి. అయిదారేళ్లు రాకుండా అది కుదరదు. ఈ జబ్బులున్న పిల్లల్లో చాలామందికి చికిత్స నిర్ణయాలు అంతకు ముందే తీసుకోవాలి. పైగా అది ఇచ్చేది మొత్తం మీద ఒక అంకె. కుడి ఎంత, ఎడమ ఎంత, గోడది ఎంత, డయాఫ్రానిది ఎంత అని విడదీసి చెప్పదు. ఇటలీలోని మిలాన్ పరిశోధకులు ఒంటి మీద 89 మెరిసే చుక్కలు అంటించి, కెమెరాలతో ఛాతీ, పొట్టల ఉపరితలం కదలికను కొలిచే పద్ధతి తయారుచేశారు. అందమైన పని. లోపల ఏం జరుగుతోందో మాత్రం దానికి తెలియదు.

ఒక్క ఊపిరిని కూర్చడం

ఫిలడెల్ఫియాలో క్యాంప్‌బెల్‌కు తోడు దొరికినవారు జయరామ్ ఉడుప. మైసూరు విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చదివి, 1976లో బెంగళూరు ఐఐఎస్‌సీలో కంప్యూటర్ సైన్సులో పీహెచ్‌డీ చేసి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో దశాబ్దాలుగా వైద్య చిత్రాల విశ్లేషణ మీద పనిచేస్తున్న శాస్త్రవేత్త. ఆయనా, ఆయన బృందంలోని యూబింగ్ టాంగ్, రేడియాలజిస్టు డ్రూ టోరిజియన్, ఆసుపత్రి వైపునుంచి ఊపిరితిత్తుల వైద్యులు, సర్జన్లు కలిసి ‘క్వాంటిటేటివ్ డైనమిక్ ఎమ్మారై’ అనే పద్ధతిని కట్టుకొచ్చారు.

ఎమ్మారైలో రేడియేషన్ లేదు, అది మొదటి లాభం. మొదటి కష్టం కూడా ఉంది. ఎమ్మారైకి సంకేతం ఇచ్చేది ముఖ్యంగా ఒంట్లోని నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్. ఊపిరితిత్తి నిండా గాలే కాబట్టి అది నల్లగా పడుతుంది. రెండో కష్టం కదలిక. ఎమ్మారై నిదానంగా తీసే బొమ్మ, కదిలితే చెదిరిపోతుంది. పెద్దవాళ్లకు ‘ఊపిరి బిగబట్టండి’ అని చెప్తారు. ఇక్కడ బిగబట్టమని అడిగితే చూడాలనుకున్నదే పోతుంది.

కాబట్టి వాళ్లు బిడ్డను ఏమీ అడగరు. పడుకుని మామూలుగా ఊపిరి తీస్తూ ఉంటే చాలు. యంత్రం ఛాతీని కుడి చివర నుంచి ఎడమ చివర దాకా నిలువు పొరలుగా చూస్తుంది, ఒక్కో పొర సుమారు 6 మిల్లీమీటర్ల మందం. ఒక పొర దగ్గర ఆగి, దాదాపు అర సెకనుకు ఒకటి చొప్పున, కొన్ని ఊపిరులు పూర్తయ్యేదాకా బొమ్మలు తీస్తూనే ఉంటుంది. తర్వాత పక్క పొరకు జరుగుతుంది. మళ్లీ అంతే. అలా ముప్ఫైకి పైగా పొరలు. చివరికి బొమ్మలు వేలల్లో పోగవుతాయి.

ఇప్పుడు అసలు తిరకాసు. మూడో పొరలో పట్టుకున్న ఊపిరి వేరు, ఇరవయ్యో పొరలో పట్టుకున్నది వేరు. మధ్యలో బిడ్డ ఒకసారి దగ్గి ఉండొచ్చు, నిట్టూర్చి ఉండొచ్చు, భయపడి గబగబా పీల్చి ఉండొచ్చు. వాటిని తీసేసి, ప్రతి పొర నుంచీ మామూలుగా సాగిన ఒక ఊపిరిని ఎంచి, పూర్తిగా వదిలిన క్షణం నుంచి పూర్తిగా పీల్చిన క్షణం దాకా వరసలో పెట్టి, పొరలన్నింటినీ కాలం ప్రకారం జత కలపాలి. చేత్తో అయ్యే పని కాదు. ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ సాఫీగా అతుకుతుందో లెక్కకట్టే గణిత పద్ధతితో కంప్యూటర్ ఆ కూర్పు చేస్తుంది. వేల బొమ్మల్లోంచి కొన్ని వందలు మిగిలి, పొడవు, వెడల్పు, లోతులతోపాటు కాలం కూడా ఉన్న ఒకే ఒక్క ఊపిరి తయారవుతుంది.

ఆ ఊపిరిని తెర మీద ఆడించి చూస్తే ఇలా ఉంటుంది. పక్కనుంచి కోసిన ఛాతీ. మధ్యలో నల్లగా ఊపిరితిత్తి. దాని కింద బూడిద రంగులో కాలేయం, రెండింటి మధ్య వంపు తిరిగిన అంచు. ఆ అంచే డయాఫ్రం జాడ. పీల్చినప్పుడు వెనక భాగం ఎక్కువగా, ముందు భాగం తక్కువగా కిందికి జారుతుంది. ముందు రొమ్మెముక కొద్దిగా పైకి లేస్తుంది. నలుపు పెరుగుతుంది. వదిలినప్పుడు అన్నీ మెల్లగా వెనక్కి వస్తాయి. అదే, జబ్బు ఉన్న పక్క పొరలు చూస్తే, నలుపు సన్నటి చీలికలా ఉండి, గోడ కదలదు, అంచు మాత్రం కొద్దిగా ఊగుతుంది. రేడియాలజీ తెలియనివాళ్లకు కూడా తేడా కనిపిస్తుంది. ఇన్నేళ్లూ అంకెల్లో చెప్పిన సంగతి అమ్మానాన్నలకు కళ్లతో చూపించే వీలు దీంతో వచ్చింది. వాళ్ల అంగీకారం మీద కత్తి పడే చికిత్సలో ఇది నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది.

చూడటంతో ఆగరు. ప్రతి బొమ్మలోనూ కుడి, ఎడమ ఊపిరితిత్తుల హద్దులు గీస్తారు. మొదట్లో మనిషి కూర్చుని గంటల తరబడి గీయాల్సి వచ్చేది, ఇప్పుడు డీప్ లెర్నింగ్ ప్రోగ్రాములు ఆ భారం చాలావరకు తగ్గించాయి. ఆ హద్దుల నుంచి నాలుగు అంకెలు వస్తాయి: ఒక ఊపిరిలో కుడి గోడ కదలిక వల్ల ఎంత గాలి, ఎడమ గోడ వల్ల ఎంత, కుడి డయాఫ్రం వల్ల ఎంత, ఎడమ డయాఫ్రం వల్ల ఎంత. ఊదే పరీక్ష ఇచ్చే ఒక్క అంకె నాలుగుగా విచ్చుకుందన్నమాట.

ఈ బృందం 25 మంది పిల్లల్ని వెప్టర్ ఆపరేషన్‌కు ముందూ తర్వాతా ఇలా స్కాన్ చేసి 2019లో ‘రేడియాలజీ’ పత్రికలో ఫలితాలు ప్రచురించింది. ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తుల పరిమాణం పెరిగింది. ఛాతీ గోడ వల్ల వచ్చే గాలి కూడా పెరిగింది. దానికంటే నేను గట్టిగా పట్టుకున్న వాక్యం ఇంకోటి ఉంది. కాబ్ కోణం చూసి ఏ పక్క ఊపిరి ఎంత కదులుతోందో చెప్పడం కుదరదని తేలింది. అంటే దశాబ్దాలుగా ఆపరేషన్ నిర్ణయానికి ఆధారంగా నిలిచిన కొలతకూ, బిడ్డ నిజంగా తీసే ఊపిరికీ సంబంధం బలహీనం. డిగ్రీలు చూడొద్దని దీనర్థం కాదు. డిగ్రీలు తగ్గాయి కాబట్టి బిడ్డ బాగున్నాడనుకోవద్దని మాత్రం అర్థం.

అసలు బాగుండటమంటే ఎంత? ఏడేళ్ల ఆరోగ్యవంతుడైన పిల్లాడిలో ఎడమ డయాఫ్రం ఒక ఊపిరికి ఎంత దిగాలి? దీనికి పుస్తకాల్లో జవాబు ఉండేది కాదు, ఎందుకంటే జబ్బు లేని పిల్లలకు ఎవరూ స్కాన్ తీసేవారు కాదు. 2004లో అమెరికాలోని యూటా పరిశోధకులు ఆసుపత్రి రికార్డుల్లోని 1,050 మామూలు సీటీ స్కాన్లు జల్లెడపట్టి, వయసు వారీగా ఊపిరితిత్తి పరిమాణం ఎంతుండాలో పట్టిక వేశారు. అది నిశ్చల కొలత. కదలిక కొలత కోసం ఫిలడెల్ఫియా బృందం ఆరోగ్యవంతులైన పిల్లల్నే పిలిచి, తల్లిదండ్రుల అనుమతితో స్కాన్ చేయడం మొదలుపెట్టింది. రేడియేషన్ లేదు, సూది లేదు, మందు లేదు కాబట్టే ఇది సాధ్యమైంది. ఈ మొత్తం పనిలో గొప్పదేదని నన్నడిగితే ఈ పిల్లల స్కాన్లే అంటాను. తనకు ఏ జబ్బూ లేకపోయినా, చప్పుడు చేసే ఇరుకు గొట్టంలో ఓపిగ్గా పడుకుని, ఎక్కడో ఉన్న ఇంకో బిడ్డకు కొలబద్దగా తన ఊపిరిని ఇచ్చిన పిల్లలు వాళ్లు.

ఇది చూపించలేనిదీ ఉంది

ఇలా కూర్చిన ఊపిరి బిడ్డ ఏ క్షణంలోనూ తీసిన ఊపిరి కాదు, చాలా ఊపిరుల ముక్కలతో కట్టింది. ప్రతి ఊపిరీ వేరుగా ఉండే బిడ్డలో ఆ తేడాల్ని ఇది చెప్పలేదు. స్కాన్ పడుకోబెట్టి తీస్తారు. కూర్చున్నప్పుడు వెన్ను ఇంకా కుంగే పిల్లల్లో అసలు ఇబ్బంది కూర్చున్నప్పుడే. బాగా చిన్నపిల్లలు కదలకుండా ఉండాలంటే మత్తు కావాలి, మత్తు ఇస్తే ఊపిరి తీరు మారిపోతుంది. లోపల అమర్చిన లోహం చుట్టూ బొమ్మ చెదురుతుంది. టైటానియంతో కొంతవరకు సర్దుకోవచ్చు. మళ్లీ మళ్లీ ఆపరేషన్ లేకుండా బయటినుంచి అయస్కాంతంతో సాగదీసే కొత్త రాడ్లు వచ్చాయి, వాటి లోపలే అయస్కాంతం ఉంటుంది. బిడ్డకు కోతలు తప్పించిన ఆ రాడ్లే బిడ్డను స్కాన్‌కు దూరం చేస్తున్నాయి.

రొమ్మెముక లోపలికి గుంటపడే జబ్బు ఇంతకంటే ఎక్కువమందిలో కనిపిస్తుంది. అక్కడా ఇదే పాఠం. ఛాతీ వెడల్పును లోతుతో భాగించే హాలర్ సూచీ 3.25 దాటితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. ఆ సూచీ ఊపిరి పీల్చినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా ఉంటుంది. ఏ క్షణంలో తీసిన బొమ్మతో లెక్కగట్టారన్నదాన్ని బట్టి ఒక కుర్రాడు హద్దుకు ఇటో అటో పడొచ్చు.

మన దగ్గర ఏం చేయొచ్చు

ఛాతీ బిగుసుకుపోవడం అంటే ఏమిటో తెలుగు నేలకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. ఫ్లోరోసిస్ ముదిరిన పెద్దవాళ్లలో పక్కటెముకల కీళ్లు గట్టిపడి, ఛాతీ విచ్చుకోక, పొట్టతోనే ఊపిరి తీయాల్సి వస్తుంది. నల్గొండ, ప్రకాశం పల్లెల్లో ఆ బాధ తరాలుగా చూశారు.

ఫిలడెల్ఫియా పద్ధతి ఇప్పటికీ ప్రధానంగా పరిశోధనశాలదే. ఏ స్కాన్ సెంటర్‌కు వెళ్లినా చేస్తారనుకోకూడదు. కానీ అందుకు అడ్డం యంత్రం కాదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో గుండె ఎమ్మారై తీసే చోట కొట్టుకునే గుండెను సినిమాగా చూపించేది కూడా ఇలాంటి వేగవంతమైన పద్ధతే. లేనివి ఊపిరిని కూర్చే సాఫ్ట్‌వేర్, హద్దులు గీసి కొలిచే మనుషులు, మన పిల్లల మామూలు కొలతలు. మూడోది అన్నింటికంటే ముఖ్యం. అమెరికా పిల్లల ఛాతీ కొలతలు తెచ్చి మన పిల్లలకు కొలబద్దగా పెడితే ఎవరికి జబ్బుందో, ఎవరికి లేదో తప్పుగా తేలే ప్రమాదం ఉంది. సాఫ్ట్‌వేర్ రాయగలవాళ్లు హైదరాబాద్‌లో వీధికొకరున్నారు. రేడియాలజిస్టులున్నారు. ఒక బోధనాసుపత్రి, ఒక ఇంజినీరింగ్ కాలేజీ కలిసి కూర్చుంటే మొదలయ్యే పని ఇది. ఎందుకు మొదలుకావడం లేదని అడిగే హక్కు ఈ పిల్లల తల్లిదండ్రులకు ఉంది.

అప్పటిదాకా ఇంట్లో చేయగలిగింది కొంత ఉంది. బిడ్డ వెన్ను వంకరగా కనిపించినా, ఛాతీ ఒకపక్క చిన్నదిగా ఉన్నా, మాటిమాటికీ న్యుమోనియా వస్తున్నా, పాలు తాగుతూ ఆగి ఆగి రొప్పుతున్నా చొక్కా తీసి వెలుతురులో పడుకోబెట్టి ఒక నిమిషం ఫోన్‌లో వీడియో తీయండి. మెలకువగా ఉన్నప్పుడు ఒకటి, గాఢనిద్రలో ఇంకొకటి. పొట్టా ఛాతీ కలిసి లేస్తున్నాయా, ఒకటి లేస్తే ఇంకొకటి లోపలికి పోతోందా, రెండు పక్కలూ సమానంగా ఉన్నాయా అన్నది డాక్టరు అందులో చూడగలరు. ఎముకల డాక్టరుకు ఒక్కరికే కాదు, పిల్లల ఊపిరితిత్తుల డాక్టరుకు కూడా చూపించండి. వయసు తక్కువని, పెరిగితే సరిపోతుందని వాయిదా వేయొద్దు. కొందరు పసివాళ్లలో తొలి ఏళ్లలోనే వరసగా వేసే పిండికట్లతో వంపు తగ్గి, ఆపరేషన్ వాయిదా పడటమో, తప్పిపోవడమో ఉంది. ఆ అదను దాటితే తిరిగి రాదు.

ఆపరేషన్ దాకా వస్తే, సంతకం పెట్టేముందు సర్జన్‌ను మూడు విషయాలు అడగండి. ఇప్పుడు మా బిడ్డ ఏ పక్క ఎంత ఊపిరి తీస్తోంది? మీరు చేయబోయేదాని వల్ల అందులో ఏది పెరుగుతుందని అనుకుంటున్నారు? పెరిగిందో లేదో ఆరు నెలల తర్వాత దేంతో కొలుస్తారు?